కాళ్ళు నేలకు ఆనే బండి

మార్చి 3

ఒరేయ్ గేటూ,

మీ అక్క పడిపోయింది. కంగారుపడకు, ఎముకలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. పడింది నేనొక్కదాన్నే కాదు, మీ బావ మోటారు సైకిలు కూడా. ఇంట్లో విచారమంతా ఇప్పుడు దాని గురించే. నాకంటే ముందు దాన్నే లేపారని పక్కింటావిడ చెప్పింది. మీ బావని అడిగితే, "బండి నీ మీద ఉంది, ముందు దాన్నే కదా లేపాలి" అంటున్నారు. నిజమే కావచ్చు. అయినా నాకు కోపం పోలేదు.

అసలు సంగతి చెప్తాను. కొండ అవతల ఊళ్ళో కుట్టుపని నేర్పే కేంద్రం ఒకటి పెట్టారు. దాన్ని నడిపే పెద్దావిడ నా దగ్గర బట్టలు కుట్టించుకునే మనిషే. జూన్ ఒకటి నుంచి వచ్చి పిల్లలకి కత్తిరింపు నేర్పమంది. ఇన్నేళ్ళూ ఒకే గదిలో, ఒకే మిషను ముందు, ఒకే కిటికీలోంచి ఎదురింటి గోడ చూస్తూ గడిపినదాన్ని. నన్ను "టీచరు గారూ" అంటారట! వెనకాముందూ చూసుకోకుండా సరేనన్నాను.

ఇంటికొచ్చాక తెలిసింది, క్లాసులు ఎనిమిదింటికి, బస్సు పదింటికి. మీ బావ దింపుతారనుకుంటే, కంట్లో శుక్లాలు, బండి ముట్టుకోవద్దన్నాడు డాక్టరు. ఇక నేనే నేర్చుకున్నాను. నమ్ము, నడపడం వచ్చేసింది. గేరు, క్లచ్చి, బ్రేకు, అన్నీ. రానిదల్లా ఆగడం. ఆగితే కాలు కింద పెట్టాలి కదా, నా కాలికి నేల అందదు. మూల మలుపులో ఒక ముసలాయన అడ్డం వచ్చాడు. ఆపాను. పడ్డాను. వీధి వీధంతా చూసింది. హ్యాండిలు కింద మెడ దగ్గర ఫ్రేము పగిలిందని మెకానిక్కు పెదవి విరిచాడు.

ఈ వారంలో వెళ్ళి పెద్దావిడకి నావల్ల కాదని చెప్పేస్తాను. ఏడవడం లేదు, ఉత్తినే నీకు రాస్తున్నాను.

ఫోను చెయ్యొచ్చుగా అనకు. మనిద్దరం ఫోన్లో మాట్లాడితే "హలో"కీ "పెట్టెయ్"కీ మధ్య పోట్లాట తప్ప ఏముంటుంది? పైగా పోస్టాఫీసులో పనిచేసే మనిషి ఇంట్లో ఉండగా ఫోన్లేమిటని మీ బావ నస.

నువ్వు పెట్టిన పేరుతోనే,
బొత్తాం


మార్చి 8

అక్కా,

పెద్దావిడకి చెప్పేశావా? చెప్పకపోతే చెప్పకు. చెప్పేసి ఉంటే మళ్ళీ వెళ్ళి, ఆ రోజు తల తిరిగి ఏదో వాగానను. పడ్డావు కదా, నమ్ముతుంది.

నీ కాళ్ళు పొట్టివి కావు, బండి ఎత్తుగా ఉంది. కంపెనీవాడు బండి చేసేటప్పుడు మనసులో ఎవరో ఒక మగవాణ్ణి కూర్చోబెట్టుకుని చేస్తాడు. ఆ మగవాడు నువ్వు కాదు. నువ్వు బట్టలు కుట్టేటప్పుడు ఎవరి కొలత వాళ్ళకే తీస్తావు కదా, మరి బండికెందుకు తియ్యకూడదు? నేను తీస్తాను. ఇంజనూ చక్రాలూ బావగారి బండివే. వాటన్నిటినీ మోస్తూ ఒక అస్థిపంజరం ఉంటుంది చూడు, ఫ్రేము, అది నేను చేస్తాను. పైపులు కొని, వంచి, అతికి, నీ ఒంటికి సరిపోయేలా.

నవ్వకు. నవ్వుతున్నావని తెలుసు. ఇన్నేళ్ళలో నేను చేసినవన్నీ మనుషుల్ని ఆపేవే. గేట్లు, గ్రిల్సు, కిటికీ చువ్వలు, బ్యాంకులో కటకటాలు. ఈ ఊళ్ళో ఎవరెక్కడ ఆగిపోయినా అక్కడ నా చేతిపని ఉంటుంది. ఒక్కటంటే ఒక్కటి, కదిలేది చెయ్యాలని ఎప్పట్నుంచో ఉంది. అది నీకే చెయ్యాలని ఉంది.

పగిలిన బండిని లారీలో వేసి పంపించు. బావగారికేం చెప్పుకుంటావో నీ ఇష్టం. కొలతలు కావాలి. కాలు లోపలివైపు గజ్జల నుంచి మడమ దాకా. కూర్చున్నప్పుడు తుంటి నుంచి మోకాలి దాకా. చెయ్యి చాచి, భుజం నుంచి బిగించిన పిడికిలి దాకా. చెప్పులు విప్పి కొలుచుకో. దేన్నీ పెంచకు. నాకు నువ్వు తెలుసు.

గేటు


మార్చి 14

ఒరేయ్,

"నాకు నువ్వు తెలుసు" అంటే ఏమిట్రా? స్కూలు ఫోటోలో ఇటుక మీద నిలబడ్డ సంగతి ఇంకా మోస్తున్నావా? పెళ్ళి ఫోటోలో కాళ్ళ కింద స్టూలుందని మీ బావకి చెప్పింది కూడా నువ్వేనని ఈమధ్యే బయటపడింది. నీ పని తర్వాత చెప్తాను.

నవ్వాను. బాగా నవ్వాను. తర్వాత నవ్వు ఆగిపోయి, ఉత్తరం మళ్ళీ చదివాను. నువ్వు చేసిన మా వంటింటి కిటికీ ఇన్నేళ్ళయినా కిర్రుమనలేదు. సరే, కానియ్. పెద్దావిడకి ఇంకా ఏమీ చెప్పలేదు.

బండి నిన్న లారీ ఎక్కింది. "మా తమ్ముడు బాగుచేసి పంపుతాడట" అన్నాను మీ బావతో. అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు. ఆయన పాపం సంబరపడి, సీటుకి దుప్పటి చుట్టి, తాడు కట్టి, లారీవాడికి పది జాగ్రత్తలు చెప్పి పంపారు.

కొలతలు ఇవిగో. టేపు అటువైపు పట్టుకున్నది మీ బావే. ఎందుకని అడిగితే సల్వారని చెప్పాను. కాలు ఇరవై నాలుగున్నర అంగుళాలు. తుంటి నుంచి మోకాలికి ఇరవై. చెయ్యి ఇరవై రెండు. ఉన్నది ఉన్నట్టు రాశాను, కుట్టుకని కూడా ఏమీ ఎక్కువ వదల్లేదు. ఒట్టు. నా జీవితంలో ఇంత నిజం ఎప్పుడూ రాయలేదు. చదివాక చింపెయ్.

కార్డు మాత్రం రాయకు, కవరే రాయి. ఊళ్ళోకి వచ్చే కార్డులన్నీ మీ బావ చేతుల మీదుగానే వెళ్తాయి. చదవననే అంటారు. కానీ వెనక వీధి వాళ్ళ అబ్బాయికి ఉద్యోగం వచ్చిన సంగతి వాళ్ళ ఇంట్లోకంటే ముందు మా ఇంట్లో తెలిసింది.

బొత్తాం


మార్చి 27

అక్కా,

బండి విప్పేశాను. ఇంజను మంచిదే. ఫ్రేము మాత్రం నువ్వు పడకపోయినా ఇంకో ఏడాదికి అదే పగిలేది, లోపలంతా తుప్పు. కాబట్టి మనసులో ఏదైనా పెట్టుకుని ఉంటే తీసెయ్.

పెద్ద ఇనుప బల్ల మీద ముందు ఇంజను పెట్టాను. రెండు కొసలా చక్రాలు నిలబెట్టాను. వాటి మధ్య గాలిలో నిన్ను కూర్చోబెట్టాను, అంటే నీ కొలతలతో దారాలు కట్టాను. నీ సీటొక దారం, నీ చేతులొక దారం, నీ పాదాలొక దారం. ఇప్పుడా దారాల వెంట పైపులు నడిచి రావాలి. కొలతలు అందాయిలే. ఎంత నమ్మాలో అంత నమ్మాను.

పైపు ఉత్తినే వంచితే వంపులో నొక్కుకుపోతుంది. లోపల ఇసుక దట్టించి, రెండు కొసలా చెక్క బిరడాలు బిగించి, ఎర్రగా కాల్చి మెల్లిగా వంచాలి. ఇసుక బాగా ఎండుది కావాలి. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ తొందరలో తడి ఇసుక పోశాను. లోపల ఆవిరి పుట్టి బిరడా ఢామ్మని ఎగిరి, పక్క షెడ్డులో లేతు మిషను నడిపే టర్నరు చేతిలో టీ గ్లాసుని తీసుకుపోయింది. చెయ్యి మాత్రం మిగిలింది. ఆయన గ్లాసు పట్టుకున్న భంగిమలోనే చాలాసేపు నిలబడిపోయాడు. "ఏం చేస్తున్నావయ్యా?" అన్నాడు చివరికి. "మా అక్కకి బండి." "మీ అక్కకి నువ్వంటే ఇష్టమేనా?" అన్నాడు.

ఇప్పుడు ఆయనే హ్యాండిలు తిరిగే మెడ గొట్టాన్ని లేతు మీద తీసిస్తున్నాడు. నన్ను ఒక్కణ్ణే వదిలేస్తే వీధికి ప్రమాదమట.

రేపట్నుంచి అతుకులు.

గేటు


ఏప్రిల్ 4

గేటూ,

టర్నరు గారికి నా నమస్కారాలు, కొత్త టీ గ్లాసు పార్సిల్లో పంపిస్తున్నాను.

నా మాట నమ్మినందుకు సంతోషం. అది చదివి నాకు కళ్ళు చెమర్చాయి. పుట్టినప్పట్నుంచీ ఇంట్లో నా కొలత నమ్మినవాడు ఒక్కడూ లేడు.

అతుకులంటున్నావు, ఒక మాట చెవిన వేస్తాను. ఒక కొస నుంచి మొదలుపెట్టి చివరిదాకా పరుగెత్తకు. అలా కుడితే గుడ్డ ఒక పక్కకి లాగేస్తుంది. ముందు అక్కడక్కడా టాకాలు వేసుకో. దూరంగా నిలబడి చూడు. అటొకటి ఇటొకటి మార్చి మార్చి కుట్టుకుంటూ రా. ఇనుముకి ఇవన్నీ ఉండవేమో, నాకేం తెలుసు, నాకు తెలిసింది చెప్పాను.

పెద్దావిడకి వస్తానని ఖాయంగా చెప్పేశాను. నా పేరు గోడ మీద బోర్డులో రాయించేసింది. ఇక వెనక్కి వెళ్ళడానికి దారి లేదురా. జూన్ ఒకటికి బండి లేకపోతే ఆ కొండ నడిచి ఎక్కాలి.

మీ బావతోనే నాకు చిక్కు. రోజూ ఆఫీసుకి వెళ్తూ గుమ్మంలో ఆగి, "నా బండి ఎంతవరకొచ్చింది?" అంటారు. నిన్న కొత్త అద్దం కొనుక్కొచ్చారు, బండికి. కళ్ళు బాగయ్యాక తిరుగుతారట. "ఆ బండి ఇక మీది కాదండీ" అందామని నోరు తెరిచి, "మంచినీళ్ళు కావాలా?" అన్నాను.

నేను నడిపేటప్పుడు వేసుకోవాలని ఒక ప్యాంటు కుట్టుకున్నాను. మోకాళ్ళ దగ్గర రెండు పొరలు, చీలమండ దగ్గర బిగింపు. గుడ్డ ఇంకా మిగిలితే అలాంటిదే రెండోది కుట్టి నీకు పంపుతున్నాను. నువ్వు వేసుకోవడానికి కాదు! రంపపు పొట్టు దట్టించి ఫ్రేము మీద కూర్చోబెట్టి చూడు. ట్రయలు వెయ్యకుండా నేను ఎవరికీ బట్టలివ్వను.

బొత్తాం


ఏప్రిల్ 15

అక్కా,

టాకాలకి మేమూ టాకాలే అంటాం. నువ్వు చెప్పినట్టే అటొకటి ఇటొకటి వేస్తూ వచ్చాను. ఎందుకంటే అది నువ్వు చెప్పకముందే నాకు తెలుసు. అయినా నువ్వు చెప్పాక ఇంకొంచెం నెమ్మదిగా చేశానని ఒప్పుకుంటాను. ఫ్రేము అయిపోయింది! దారం వేసి చూస్తే ముందు చక్రమూ వెనక చక్రమూ ఒకే గీత మీద ఉన్నాయి. టర్నరు ఒక కన్ను మూసి ఆ గీత వెంట చూసి, తన గ్లాసులో టీ పోసి నాకిచ్చాడు. ఆయన దగ్గర అదే పెద్ద మెప్పు.

నీ ప్యాంటుకి పొట్టు దట్టించి సీటు మీద కూర్చోబెట్టాను. మూడు రోజులుగా షాపులో అది నువ్వే. పొద్దున వచ్చిన టర్నరు, "అక్కయ్య గారూ, లేచారా?" అంటాడు. గేటు కొలతలివ్వడానికి వచ్చిన ఒకాయన నడుం పైన ఏమీ లేకపోవడం చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

కాకపోతే ఒక చిక్కు. నీ ప్యాంటు తప్పు కుట్టావు. కాళ్ళు పొడుగయ్యాయి. మోకాళ్ళు పైకి లేచి హ్యాండిలుకి తగులుతున్నాయి. పాదాలు నేల మీద ఆని ఆగకుండా ముందుకి జారిపోతున్నాయి. సుమారు రెండు అంగుళాలు ఎక్కువ కుట్టావు. వయసు మీద పడుతోంది, పర్లేదు, అందరికీ జరుగుతుంది. సరైన కొలతతో ఇంకోటి కుట్టి పంపు.

గేటు


ఏప్రిల్ 20

ఏమండీ గేట్ల షాపు గారూ,

ప్యాంటు తప్పు కుట్టానా? నేనా? వయసు మీద పడిందా?

అదే కొలతతో కుట్టుకున్న నాది వేసుకుని అద్దం ముందు నిలబడి ఇది రాస్తున్నాను. చీలమండ దగ్గర ఒక్క నూలుపోగు ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు. నా చేతిలో టేపు పట్టినప్పట్నుంచి ఈ ఊళ్ళో ఒక్క మనిషి పొడుగైందనో పొట్టైందనో తిరిగి రాలేదు. తప్పు ప్యాంటులో లేదు. నేను పంపిన కొలత ఒకటి, నువ్వు కట్టిన దారం ఒకటి అయి ఉండాలి. ఏం చేశావో నిజం చెప్పు. చెప్పేదాకా నాకు ఉత్తరం రాయకు.

బోర్డు మీద నా పేరు ఎర్ర రంగుతో రాశారట. చూసి వచ్చినవాళ్ళు చెప్పారు.

కొలత ప్రకారం ఉన్న,
మీ అక్క


ఏప్రిల్ 26
(కార్డు)

అక్కా, కవరు రాస్తే విప్పవని కార్డు రాస్తున్నాను. నువ్వు పంపిన కాలి కొలతలో రెండు అంగుళాలు తగ్గించాను. నువ్వెప్పుడూ ఎత్తు పెంచి చెప్తావు కదా, దానికొకటి. చేతి అలవాటు కొద్దీ కుట్టుకి వదిలే ఉంటావని ఇంకొకటి. ఒట్టేశావు, నిజమే. ఇటుక మీద నిలబడిన రోజు కూడా ఒట్టేశావు. బావగారి ఇంజను నీ ఫ్రేములో చక్కగా కూర్చుంది, నువ్వు మాత్రం కూర్చోలేవు. మధ్యలో కోసి ఎత్తు పెంచుదామంటే బలం పోతుంది. మొదట్నుంచి చేద్దామంటే జూన్ దాటుతుంది. తల బద్దలు కొట్టుకుంటున్నాను. తిట్టు, కానీ రాయి. గేటు


మే 2

బామ్మర్దీ,

మొదటి పేజీ నాది, రెండోది మీ అక్కది. నీ కార్డు నేను చదవలేదు. నాకు కళ్ళు సరిగ్గా కనపడవు కదా. కాకపోతే నువ్వు అక్షరాలు మరీ పెద్దవిగా రాశావు.

నా ఇంజను మీ అక్క ఫ్రేములో కూర్చుందని తెలిశాక రెండు పూటలు ఆవిడతో మాట్లాడలేదు. మూడో పూట నుంచి ఆవిడే నాతో మాట్లాడటం మానేసింది, ఎందుకో నాకిప్పటికీ అర్థం కాలేదు. సల్వారుకి పిడికిలి దాకా కొలతెందుకని ఆ రోజే అడగాల్సింది.

నిజం చెప్పనా? బాధపడ్డాను. బండి కోసం కాదు. దాని మీద మళ్ళీ ఎక్కుతానో లేదో డాక్టరు తేల్చి చెప్పడం లేదు. అది నాకు తెలుసని మీ ఇద్దరికీ తెలియకపోవడమే బాధ. మూల పడి తుప్పు పట్టేదానికంటే తిరిగే బండే మేలు. ఒక్కటే అడుగుతాను. నన్నెక్కడ కూర్చోబెట్టావు? ఫ్రేము ఒక మనిషికే చేశావని నాకు అనుమానం. ఆఫీసులో పార్సిలు త్రాసు మీద నిలబడి చూసుకున్నాను, అరవై ఎనిమిది కిలోలు. రిజిస్టరు పోస్టుగా పంపితే చాలా అవుతుంది, కాబట్టి వెనక సీటు పెట్టు.

ఇట్లు, బావ.

ఒరేయ్,

ఇప్పుడు నేను. జన్మలో మొదటిసారి నిజం చెప్తే నమ్మలేదు కదూ! నువ్వు మరీ నమ్మనంతగా అబద్ధాలు చెప్పానేమోనని ఒక రాత్రంతా ఆలోచించాను. తర్వాత ఆలోచించడం ఆపి, తిట్టడం మొదలుపెట్టాను. మీ బావ పక్కనే ఉన్నారు, ఆయన్ని అడుగు.

తిట్టీ తిట్టీ అలసిపోయాక నవ్వొచ్చింది. రెండు అంగుళాల ఇనుము కోసం తల బద్దలు కొట్టుకుంటున్న మహానుభావుడా, రెండు అంగుళాల దూది సంగతి నీకు తట్టలేదా? గుడ్డ ఎక్కువైతే కత్తిరిస్తాం, తక్కువైతే అతుకు వేస్తాం. నీ ఫ్రేములో తగ్గింది నేను సీటులో పెంచుతాను. గట్టి స్పాంజి తెప్పించాను. పైన తోలు, అంచుకి డబుల్ కుట్టు. ముందు వైపు సన్నగా ఉంటే కాళ్ళు తిన్నగా దిగుతాయి. సీటు కింద వచ్చే నీ రేకు పట్టీ పొడవు, వెడల్పు, బోల్టులు ఎక్కడొస్తాయో అట్ట మీద గీసి పంపు. మీ బావ చోటు కలిపి గీయి. కొలతలు ఉన్నవి ఉన్నట్టు రాయి. నేను నమ్ముతాను.

బొత్తాం


మే 18

అక్కా, బావగారూ,

సీటు వచ్చింది. బిగించాను. పొట్టు అక్కయ్యని మళ్ళీ కూర్చోబెట్టాను. మోకాళ్ళు దిగాయి. రెండు పాదాలూ నేల మీద బల్లపరుపుగా ఆనాయి. నేనూ టర్నరూ చప్పట్లు కొట్టాం, ప్యాంటు ముందు నిలబడి. దూది తట్టలేదని రాశావు కదా, నిజంగా తట్టలేదక్కా. సీటంటే నాకు రేకు పట్టీయే కనిపిస్తుంది. దాని పైన మనిషి మెత్తగా కూర్చుంటాడని ఎప్పుడూ అనుకోలేదు.

వెనకవైపు ఫ్రేము పొడిగించి బావగారికి చోటు చేశాను. అరవై ఎనిమిదికి సరిపోయే పైపు వేశాను. దయచేసి పెరగకండి.

చేత్తో చేసిన ఫ్రేముకి అనుమతి కావాలంటే రవాణా ఆఫీసు ఇన్‌స్పెక్టరు చూడాలి. వచ్చాడు. ఆరడుగుల మనిషి. చిన్న సుత్తి తీసుకుని ఒక్కో అతుకునీ తట్టి, చెవి పెట్టి విన్నాడు. తర్వాత నేనే నడిపి చూస్తానన్నాడు. కూర్చుంటే మోకాళ్ళు చెవుల దాకా వచ్చాయి. అలాగే వీధి చివరిదాకా వెళ్ళి, మలుపు తిరిగి మాయమయ్యాడు. ఎంతకీ రాలేదు. కూలిపోయిందనుకున్నాను. చివరికి వచ్చాడు. అంత దూరం వెళ్ళాలని లేదట, బాగుండి వెళ్ళిపోయాడట. "ఎవరికి చేశావు?" అన్నాడు. "మా అక్కకండీ." "ఎంత ఎత్తుంటుంది?" నీ ఎత్తు చెప్పాను. ఉన్నది ఉన్నట్టు. "ఇంత గట్టిగా చేశావేమిటయ్యా, గేటులా!" అంటూ కాగితం మీద సంతకం పెట్టాడు.

ఎల్లుండి లారీ ఎక్కిస్తాను. అందగానే రాయి. కాళ్ళు ఆనాయా లేదా, ఆ ఒక్క మాట చాలు.

గేటు


జూన్ 9

అక్కా,

లారీవాడు ఇరవై రెండునే దింపానంటున్నాడు. ఉత్తరం లేదు. జూన్ ఒకటి కూడా వెళ్ళిపోయింది.

మెడ దగ్గర అతుకు గురించి ఆలోచిస్తున్నాను. అక్కడే బరువంతా. రెండుసార్లు వేశాను, సుత్తితో కొట్టాను, ఇన్‌స్పెక్టరు విన్నాడు. అయినా కొండ దిగేటప్పుడు బ్రేకు వేస్తే... రాయలేను. నిన్న ఒక స్కూలు గేటుకి చువ్వలు తలకిందులుగా అతికేశాను. టర్నరు నా చేతిలోంచి వెల్డింగు హోల్డరు లాక్కుని ఇంటికి పొమ్మన్నాడు.

బండి విరిగితే విరగనీ. నువ్వు బాగున్నావని బావగారి చేత కార్డు మీద ఒక్క ముక్క రాయించు. నీకేమన్నా అయితే ఇక నేను ఇనుము ముట్టుకోను.

తమ్ముడు


జూన్ 14, ఆదివారం

ఒరేయ్ పిచ్చి వెధవా,

నీ ఉత్తరం నిన్న అందింది. మీ బావ పక్కన కూర్చుని గట్టిగా చదివించుకున్నారు. రాయకపోవడం నాదే తప్పు. నువ్వడిగిన ఆ ఒక్క మాట పోస్టులో పంపకూడదనుకున్నాను. ఎందుకో చివర్లో తెలుస్తుంది.

జూన్ ఒకటిన పొద్దున్నే బయల్దేరాను. వీధిలో అందరూ గుమ్మాల్లో నిలబడ్డారు, పడితే చూద్దామని. మూల మలుపు దగ్గరికి వచ్చేసరికి అదే ముసలాయన అడ్డం వచ్చాడు. నన్ను చూసి గుండె పట్టుకున్నాడు. బ్రేకు వేశాను. ఆగాను. రెండు కాళ్ళూ కింద పెట్టాను. నేల అక్కడే ఉందిరా, నా అరికాళ్ళ కింద, చల్లగా. ముసలాయన రోడ్డు దాటడం మర్చిపోయి నా కాళ్ళ వంకే చూశాడు. "దాటండి తాతగారూ" అన్నాను. ఆ మాట అనడానికి నాకెంత గర్వంగా ఉందో నీకెలా చెప్పను!

కొండ మీద ఫ్రేము కిక్కురుమనలేదు. ఎనిమిదింటికి ముందే బోర్డు కింద ఉన్నాను. పిల్లలు "టీచరు గారూ" అన్నారు, వెనక్కి తిరిగి చూశాను, ఎవరిని పిలుస్తున్నారా అని. మొదటి పాఠం ఏం చెప్పానో తెలుసా? "మనిషి నోటితో చెప్పిన కొలత నమ్మకండి, టేపుతో కొలిచింది మాత్రం నమ్మండి." నీ పుణ్యమే.

తర్వాత రోజూ సాయంత్రం మీ బావని వెనక కూర్చోబెట్టుకుని సాధన చేశాను. ముందు వీధి చివరిదాకా, తర్వాత చెరకు తోటల దాకా, తర్వాత ఇంకా దూరం. ఆయన కొన్న కొత్త అద్దం బిగించాం. అందులో ఆయనే కనిపిస్తారు, వెనక వచ్చే బళ్ళేమీ కనపడవు. దారంతా "నెమ్మది, నెమ్మది" అంటారు. దిగాక అందరితో "మా ఇంజను" అంటారు.

ఈ కవరు మీద స్టాంపు లేదు, చూశావా? మీ బావ దీన్ని నేరమంటున్నారు. మీ వీధి చివర టీ కొట్టు బల్ల మీద రాస్తున్నాను. తెల్లవారకుండా బయల్దేరాం. దారిలో ఎన్నిసార్లు ఆగానో లెక్కపెట్టలేదు, కావాలని కూడా ఆగాను. ఒక్కసారీ పడలేదు. నీ టర్నరు ఎదురు బల్ల మీద టీ తాగుతున్నాడు. నేను పంపిన గ్లాసే. నా ప్యాంటు చూసి గుర్తుపట్టాడు. నడుం పైన మనిషి ఉందని సంతోషించాడు.

ఇది రాయడం అయ్యాక మీ ఇంటిదాకా వచ్చి, గేటు కింద సందులోంచి ఈ కవరు లోపలికి తోసి హారను కొడతాను. మనం ఎదురుపడితే ఎలాగూ పోట్లాడుకుంటాం, కాబట్టి మంచి మాట ముందే కాగితం మీద చెప్పేస్తున్నాను. చేసినవన్నీ మనుషుల్ని ఆపేవేనని బాధపడ్డావు. నీ బండి నన్ను కొండ దాటించింది, ఇంతదూరం తెచ్చింది. ఇప్పుడు నువ్వు చేసిన గేటే నాకు అడ్డం ఉంది. నేను రెండు కాళ్ళూ నేలకు ఆనించి దాని ముందే నిలబడి ఉన్నాను.

వచ్చి గేటు తియ్యి.

బొత్తాం